మొదటి పిక్ చేతిలో ఉండి కూడా టీమ్‌ని ఎలా చెడగొట్టుకున్నాను: డైనస్టీ లీగ్‌లో రూకీ డ్రాఫ్ట్ ప్లానింగ్

పోయిన వారం నాకో మెసేజ్ వచ్చింది. మా కాలేజీలో నాకు రెండేళ్ళు జూనియర్, ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ ఆఫీసు ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒకతను మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే, ఆ టీమ్ వీడి చేతికొచ్చింది. "అన్నా, టీమ్ మొత్తం చెత్త. కానీ రూకీ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ నాదే. ఎవర్ని తీసుకోమంటావ్?" అని అడిగాడు.

నేను పేరు చెప్పలేదు. ఎందుకంటే 2020లో అచ్చం ఇదే పరిస్థితిలో నేనున్నా. చెత్త టీమ్, చేతిలో మొదటి పిక్. ఆ పిక్ ఒక్కటే కాదు, దాని వెనకాల ఇంకో ఏడాది కూడా పోగొట్టుకున్నా. ఈ ఎపిసోడ్ వాడికి నేనిచ్చే జవాబు. మీలో కూడా ఇలాంటి టీమ్ ఉన్నవాళ్ళు ఉంటే చివరిదాకా ఉండండి.

ముందు కొత్తవాళ్ళ కోసం రెండు నిమిషాలు. మనం మాట్లాడేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్. 32 టీములు. ఫ్యాంటసీలో మనం నిజమైన ఆటగాళ్ళతో మన సొంత టీమ్ కట్టుకుంటాం. నిజం మ్యాచ్‌లో వాళ్ళు ఎన్ని గజాలు పరిగెత్తారు, ఎన్ని క్యాచ్‌లు పట్టారు, ఎన్ని టచ్‌డౌన్లు చేశారు, వాటిని బట్టి మనకి పాయింట్లు. మామూలు లీగ్‌లో ప్రతి ఏడాదీ టీమ్ మొదట్నుంచీ కట్టుకోవాలి. డైనస్టీలో అలా కాదు. ఐపీఎల్‌లో మెగా ఆక్షన్ అనేదే ఎప్పటికీ లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకసారి తీసుకున్న ఆటగాడు, మీరు అమ్మేదాకా, వదిలేసేదాకా, లేదా అతను రిటైర్ అయ్యేదాకా మీవాడే.

మరి కొత్త రక్తం ఎలా వస్తుంది? ఏటా ఏప్రిల్ చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ జరుగుతుంది. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్ళని టీములు 7 రౌండ్లలో తీసుకుంటాయి. అది అయ్యాక మన లీగుల్లో రూకీ డ్రాఫ్ట్ మొదలవుతుంది, ఆ కొత్తవాళ్ళ కోసమే. చాలా లీగుల్లో 12 టీములు, 3 నుంచి 5 రౌండ్లు. పోయిన ఏడాది అట్టడుగున ఉన్నవాడు ముందు తీసుకుంటాడు. 1.01 అంటే మొదటి రౌండ్‌లో మొదటి పిక్, 2.05 అంటే రెండో రౌండ్‌లో ఐదోది. మనం ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ర్యాంక్ వారీగా సీటు ఎంచుకున్నట్టే. ఒకటే తేడా, ఇక్కడ మీ ర్యాంకుని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. వచ్చే ఏడాది, ఆపై ఏడాది ర్యాంకులు కూడా ఇప్పుడే అమ్ముకోవచ్చు. ప్రమాదం అంతా అక్కడే.

సరే, ఇప్పుడు నా కథ. 2020 లాక్‌డౌన్. బీటెక్ అయ్యి రెండేళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం, గుంటూరులో మా ఇంట్లో కూర్చుని వర్క్ ఫ్రమ్ హోమ్. మా క్లయింట్ వైపు వాళ్ళు అమెరికాలో ఒక డైనస్టీ లీగ్ ఆడుతుంటే, ఒక టీమ్ ఖాళీ అయింది. ఇలా ఓనర్ వదిలేసిన టీమ్‌ని ఆర్ఫన్ టీమ్ అంటారు, అంటే అనాథ. నన్ను తీసుకోమన్నారు. తీసుకున్నా. ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొత్తం ఆన్‌లైన్‌లోనే జరిగింది. మనకి ఏప్రిల్ 24 ఉదయం 5:30కి మొదలు. అమ్మ కాఫీ ఇస్తూ "ఆఫీసు కాలా?" అంటే అవునన్నాను.

డ్రాఫ్ట్‌కి ముందు నేను ఒక ఎక్సెల్ షీట్ చేసుకున్నా. కాలేజీ ఆట చూసి, లెక్కలు చూసి, రన్నింగ్ బ్యాక్‌లలో జోనథన్ టేలర్‌ని మొదట పెట్టుకున్నా. అప్పుడు ఏమైందంటే, మొదటి రౌండ్ చిట్టచివర, 32వ పిక్‌లో, కాన్సాస్ సిటీ చీఫ్స్ వాళ్ళు క్లైడ్ ఎడ్వర్డ్స్-హిలేర్ అనే రన్నింగ్ బ్యాక్‌ని తీసుకున్నారు. చీఫ్స్ అంటే అప్పుడే సూపర్ బౌల్ గెలిచిన టీమ్, ప్యాట్రిక్ మహోమ్స్ ఉన్న టీమ్. ఇంకేముంది, ఇంటర్నెట్ అంతా అతనే నంబర్ వన్. టేలర్ మర్నాడు 41వ పిక్‌లో ఇండియనాపొలిస్ కోల్ట్స్‌కి వెళ్ళాడు. నేను నా షీట్ ఓపెన్ చేసి, రెండు రోజుల్లో ఆర్డర్ మార్చేశాను. మా 1.01లో ఎడ్వర్డ్స్-హిలేర్.

మొదటి మ్యాచ్‌లో అతను 138 గజాలు పరిగెత్తాడు. నేను గాల్లో తేలిపోయాను. "ఇక ఈ ఏడాదే కప్పు కొట్టేద్దాం" అనుకుని, 2021 నా మొదటి రౌండ్ పిక్ ఇచ్చేసి వయసైపోతున్న ఇంకో రన్నింగ్ బ్యాక్‌ని కొన్నాను. అతను సగం సీజన్ గాయంతో కూర్చున్నాడు. ఎడ్వర్డ్స్-హిలేర్ ఆ ఏడాది 803 గజాలతో ఆగాడు. తర్వాత ఇంకెప్పుడూ ఆ మార్కు దాటలేదు. టేలర్ 2021లో 1811 గజాలతో లీగ్ మొత్తానికే మొదటివాడయ్యాడు. అదే 2020 డ్రాఫ్ట్‌లో 22వ పిక్‌లో వెళ్ళిన రిసీవర్ జస్టిన్ జెఫర్సన్ మొదటి ఏడాదే 1400 గజాలు, 2022లో 1809.

అసలు దెబ్బ ఇంకా ఉంది. నా టీమ్ కింద నుంచి రెండోది అయింది. అంటే నేను అమ్మేసిన ఆ 2021 పిక్ 1.02గా మారింది. దాంతో అవతలివాడు జమార్ చేజ్‌ని తీసుకున్నాడు. మొదటి ఏడాదే 1455 గజాలు, 13 టచ్‌డౌన్లు. ఆ రోజు రాత్రి లీగ్ వదిలేద్దామని మెసేజ్ టైప్ చేసి, పంపకుండా ఆపాను. నేను వదిలేస్తే ఆ టీమ్ మళ్ళీ అనాథే. దాన్ని ఇంకొకడికి అంటగట్టాలి, దొరక్కపోతే లీగే మూసేయాలి.

ఆ తర్వాత నేను కూర్చుని, ప్రొడక్షన్‌లో బగ్ వస్తే రూట్ కాజ్ రాసినట్టు, ఏం తప్పు జరిగిందో రాసుకున్నా. ఎడ్వర్డ్స్-హిలేర్ ఆడకపోవడం నా తప్పు కాదు. అది ఎవరికైనా జరగొచ్చు. నా తప్పులు వేరే ఉన్నాయి. నాలుగు రాసుకున్నా. అవే ఇప్పుడు నా ప్లాన్.

మొదటిది. డ్రాఫ్ట్ లిస్ట్ కంటే ముందు ఒక ప్రశ్న: మీ టీమ్ గెలిచేది ఏ ఏడాది?

నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ ఏడాదే ప్లేఆఫ్స్‌కి వెళ్ళి గట్టిగా పోటీ ఇవ్వగల టీమా? లేక రెండేళ్ళు పట్టే టీమా? ఎందుకంటే ఒక్కో పొజిషన్‌కి ఆయుష్షు ఒక్కోలా ఉంటుంది. రన్నింగ్ బ్యాక్ వచ్చిన మొదటి ఏడాది నుంచే పాయింట్లు ఇస్తాడు, కానీ దెబ్బలు తిని తిని 27, 28 ఏళ్ళకే దిగిపోవడం మామూలు. రిసీవర్‌కి ఇంకాస్త ఎక్కువ కాలం ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ పదేళ్ళు పైనే ఆడతాడు. టైట్ ఎండ్ సాధారణంగా నేర్చుకోవడానికి రెండు మూడేళ్ళు తీసుకుంటాడు. 2024లో 112 క్యాచ్‌లు పట్టిన బ్రాక్ బవర్స్ లాంటివాడు ఎప్పుడో ఒకడు వస్తాడు, అందరి మీదా అదే ఆశ పెట్టుకోకూడదు.

ఇప్పుడు నా 2020 టీమ్ చూడండి. రెండేళ్ళ దాకా గెలవలేని టీమ్. దానికి నేను తెచ్చింది ఎవర్ని? ఇప్పుడే పాయింట్లిచ్చి, టీమ్ సిద్ధమయ్యేసరికి అరిగిపోయే పొజిషన్‌ని. దాని పైన ఇంకో పెద్ద వయసు రన్నింగ్ బ్యాక్. ఇంటికి పునాది పడకముందే కర్టెన్లు కొన్నట్టు. టీమ్ బలహీనంగా ఉంటే మొదటి రౌండ్‌లో రిసీవర్, లేదా లీగ్ రూల్‌ని బట్టి క్వార్టర్‌బ్యాక్. టీమ్ బలంగా ఉంటే రన్నింగ్ బ్యాక్ తీసుకున్నా తప్పు లేదు.

ఇక్కడ లీగ్ సెట్టింగ్స్ కూడా చూసుకోండి. సూపర్‌ఫ్లెక్స్ అని ఒక ఫార్మాట్ ఉంది, అందులో వారానికి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లని ఆడించొచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉండేదే 32 మంది స్టార్టర్లు, 12 టీములకి ఇద్దరేసి అంటే 24 మంది పోతారు. కాబట్టి అక్కడ మంచి క్వార్టర్‌బ్యాక్ బంగారం. ఒక్కడినే ఆడించే లీగ్‌లో 12 మంది చాలు, మిగతా 20 మంది పడి ఉంటారు. 2024లో జేడెన్ డేనియల్స్‌ని సూపర్‌ఫ్లెక్స్‌లో మొదటి రెండు మూడు పిక్స్‌లో తీసుకుంటే, మామూలు లీగ్‌లో అతను చాలా కిందికి జారాడు. ఒకే మనిషి, రెండు ధరలు. ఎవరి లిస్టో కాపీ కొట్టేముందు అది ఏ ఫార్మాట్‌దో చూడండి.

రెండోది. లిస్టుని ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి ముందే ఫ్రీజ్ చేయండి.

రిలీజ్‌కి ముందు మనం కోడ్ ఫ్రీజ్ పెడతాం కదా, అలాగన్నమాట. ఏప్రిల్ మధ్యకల్లా మీ ఆటగాళ్ళని గుంపులుగా రాసుకోండి. వీటిని టయర్స్ అంటారు. ఒక టయర్‌లో ఉన్నవాళ్ళల్లో ఎవరొచ్చినా మీకు సమానమే అనిపించాలి. అదే కొలత.

తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ అవుతుంది. అప్పుడు రెండు కొత్త విషయాలు తెలుస్తాయి. ఒకటి, ఎన్నో పిక్‌లో తీసుకున్నారు. దీన్ని డ్రాఫ్ట్ క్యాపిటల్ అంటారు. రెండోది, ఏ టీమ్‌కి వెళ్ళాడు, అంటే ల్యాండింగ్ స్పాట్. ఈ రెంటిలో మొదటిదానికి విలువ ఎక్కువ. మొదటి రౌండ్ పిక్ ఖర్చుపెట్టిన టీమ్, ఆ కుర్రాడు రెండు మూడు సార్లు తడబడ్డా ఛాన్స్ ఇస్తూనే ఉంటుంది. ఆరో రౌండ్‌వాడికి అంత ఓపిక చూపించరు. ల్యాండింగ్ స్పాట్ అలా కాదు. కోచ్ మారతాడు, క్వార్టర్‌బ్యాక్ మారతాడు, పక్కన కొత్తవాడొస్తాడు. మనం ఆటగాడిని ఐదారేళ్ళకి తీసుకుంటున్నాం, స్పాట్ మాత్రం ఒకటి రెండేళ్ళలో మారిపోతుంది.

నా కేసులో 32వ పిక్‌కీ 41వ పిక్‌కీ ఉన్న తేడా చాలా చిన్నది. టేలర్‌ని కిందికి నెట్టడానికి అది చాలదు. నేను మార్చింది కేవలం చీఫ్స్ అనే పేరు చూసి. ఇప్పుడు నా రూల్ ఇది: డ్రాఫ్ట్ అయ్యాక ల్యాండింగ్ స్పాట్ కారణంగా ఎవరినైనా అదే టయర్ లోపలే పైకీ కిందికీ జరుపుతాను. టయర్ దాటించను. టయర్ దాటాలంటే డ్రాఫ్ట్ క్యాపిటల్‌లో పెద్ద షాక్ ఉండాలి. మొదటి రౌండ్ అనుకున్నవాడు నాలుగో రౌండ్‌కి పడిపోతే, మనకి తెలియనిది ఏదో 32 టీములకీ తెలిసిందని అర్థం.

మూడోది. మీ వంతు వచ్చినప్పుడు పేర్లు కాదు, టయర్‌లో ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి.

ఒక ఉదాహరణ. 2024లో నా పిక్ 1.05. నా లిస్టులో ఆ టయర్‌లో ఇంకా నలుగురు మిగిలి ఉన్నారు. నాకు ఆ నలుగురూ సమానం. అప్పుడు 1.08 ఉన్నవాడు నా పిక్ అడిగాడు. లెక్క చూడండి. నేను 1.08కి దిగితే, నాకంటే ముందు 5, 6, 7 పిక్స్, అంటే ముగ్గురు పోతారు. మరీ దురదృష్టం అయినా నలుగురిలో ఒకడు నాకు మిగులుతాడు. కాబట్టి దిగాను, అదనంగా ఒక రెండో రౌండ్ పిక్ తీసుకున్నాను. 1.08లో నాకు రిసీవర్ లాడ్ మెకాంకీ వచ్చాడు. మొదటి ఏడాది 1149 గజాలు.

ఆగండి, కథ అంత తియ్యగా లేదు. నా 1.05తో అవతలివాడు తీసుకున్నది బ్రయన్ థామస్‌ని. అతను 1282 గజాలు చేశాడు. నాకు వచ్చిన రెండో రౌండ్ పిక్‌తో నేను తీసినవాడేమో బెంచ్ దిగలేదు. మరి ఆ ట్రేడ్ తప్పా? మొదటి ఏడాది స్కోరు చూస్తే నేను కొంచెం ఓడిపోయాను. కానీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను. పదిసార్లు అలా దిగితే పది అదనపు పిక్స్ వస్తాయి, వాటిలో రెండు మూడు తగిలినా లాభమే. ఒక్క ఫలితం చూసి పద్ధతి మార్చేస్తే 2020లో నేను చేసిన తప్పే మళ్ళీ చేసినట్టు.

దీనికి రివర్స్ కూడా ఉంది. టయర్‌లో ఒక్కడే మిగిలాడు, మీ పిక్ రెండు స్థానాల కింద ఉంది అంటే, అప్పుడు కొంచెం ఇచ్చి పైకెక్కడంలో అర్థం ఉంది. టయర్ అంచుల దగ్గర మాత్రమే పైకెక్కండి.

ఇక మూడు, నాలుగో రౌండ్ల గురించి. 2023లో పూకా నకూవా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఐదో రౌండ్, 177వ పిక్. మొదటి ఏడాది 105 క్యాచ్‌లు, 1486 గజాలు, రెండూ అప్పటికి రూకీ రికార్డులే. దాంతో అందరూ "ఈసారి మన నకూవా ఎవరు" అని వెతకడం మొదలుపెట్టారు. ఇలాంటివాళ్ళు ఉంటారు, నిజమే. కానీ ఆ రౌండ్లలో తీసినవాళ్ళలో ఎక్కువమంది ఏమీ కాకుండానే పోతారు. కాబట్టి అక్కడ నేను "ఏదో పర్వాలేదు" అనిపించే ఆటగాడిని తీయను. తగిలితే పెద్దగా తగలాలి, తగలకపోతే సెప్టెంబర్‌లో వదిలేస్తాను. మీ లీగ్‌లో ట్యాక్సీ స్క్వాడ్ ఉంటే ఇంకా మంచిది. అది కుర్రాళ్ళని అసలు రోస్టర్‌లో చోటు తినకుండా దాచుకునే అర. జోర్డన్ లవ్‌ని 2020లో గ్రీన్ బే మొదటి రౌండ్‌లో తీసుకుని మూడేళ్ళు కూర్చోబెట్టింది. 2023లో అతను 32 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. ఓపికగా దాచుకున్నవాళ్ళకి ఫ్రీగా ఒక క్వార్టర్‌బ్యాక్ దొరికాడు.

నాలుగోది. పిక్ ధరకి కూడా ఒక సీజన్ ఉంటుంది.

మామిడి తోటని పూత మీద కొనేవాళ్ళు ఉంటారు తెలుసు కదా. పూత చూసి ధర కడతారు, కాయ ఎంత నిలుస్తుందో ఎవరికీ తెలీదు. వచ్చే ఏడాది పిక్ అంటే అదే. సీజన్ జోరుగా నడుస్తున్నప్పుడు, అక్టోబర్, నవంబర్‌లో, గెలవాలనే తొందరలో ఉన్నవాళ్ళు భవిష్యత్తు పిక్స్‌ని తక్కువకే ఇచ్చేస్తారు. నేను 2020లో ఇచ్చింది అలాగే. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి అదే పిక్ ధర పెరుగుతుంది, కొత్త కుర్రాళ్ళ వీడియోలు చూసి అందరికీ జ్వరం పట్టుకుంటుంది. మన వంతు రాగానే అది ఇంకా పైకి. కొనేవాళ్ళు శరదృతువులో కొనండి, అమ్మేవాళ్ళు డ్రాఫ్ట్ రోజున అమ్మండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. మీ టీమ్ బలహీనంగా ఉన్నప్పుడు మీ సొంత మొదటి రౌండ్ పిక్‌ని అమ్మొద్దు. మీ టీమ్ ఎంత ఓడితే ఆ పిక్ అంత పైకి వెళ్తుంది. అంటే మీ ఓటమికి ఉన్న ఒకే ఒక్క ఇన్సూరెన్స్ అది. నేను ఆ ఇన్సూరెన్స్ కాగితం అమ్మి బాణాసంచా కొన్నాను.

డబ్బు గురించి ఒక్క మాట. అమెరికాలో చాలా లీగులకి ఎంట్రీ ఫీజు ఉంటుంది. మాది ఫ్రీ. మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని 2025లో వచ్చిన చట్టం నిషేధించింది. కాబట్టి ఇక్కడి నుంచి ఆడేవాళ్ళు పైసా పెట్టకండి. స్లీపర్ లాంటి యాప్‌లో ఫ్రీగా లీగ్ పెట్టుకోవచ్చు. కప్పు లేకపోయినా, ఆరేళ్ళుగా నేను ముఖం కూడా చూడని పదకొండు మందితో వారం వారం మాట్లాడుతున్నాను. ఆ ఉద్యోగం మానేసి ఛానల్ పెట్టాక కూడా లీగ్ మాత్రం మానలేదు.

ఇప్పుడు మా జూనియర్ దగ్గరికి వద్దాం. తమ్ముడూ, నువ్వు అడిగింది ఎవర్ని తీసుకోవాలని. నేను నీకు మూడు పనులు చెప్తున్నా. ఈ రాత్రికి నీ టీమ్‌లో ప్రతి ఒక్కడి వయసు రాయి, 26 దాటిన రన్నింగ్ బ్యాక్‌లని గెలిచే టీములకి అమ్మకానికి పెట్టు. డ్రాఫ్ట్‌కి వారం ముందు నీ టయర్స్ రాసి నాకు ఫోటో పంపు, తర్వాత మార్చావో లేదో నేను చూస్తా. 1.01 నీ వంతు రాగానే పిక్ నొక్కకు. మా లీగ్‌లో ఒక్కో పిక్‌కి ఎనిమిది గంటలు ఉంటుంది, మీకూ కొంత టైమ్ ఉండే ఉంటుంది. అది వాడుకో, ఎవరు ఏం ఇస్తారో విను. మొదటి టయర్‌లో ఒక్కడే ఉంటే అతన్నే తీసుకో, ఎంత ఇచ్చినా కదలకు. ఇద్దరు ముగ్గురు ఉంటే దిగి, ఇంకో పిక్ పట్టుకో.

వచ్చే ఏడాది పిక్ ఎవరైనా అడిగితే మాత్రం ముందు నాకు ఫోన్ చెయ్యి. అక్కడ టైమ్ ఎంతైనా పర్వాలేదు, ఎత్తుతా.

మిగతావాళ్ళు మీ టీమ్ పరిస్థితి, లీగ్ ఫార్మాట్, పిక్ నంబర్ రాసి కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో మూడు టీములు తీసుకుని టయర్స్ కలిసి రాద్దాం. ఉంటాను మరి.